బ్రెత్ ఎనలైజర్ సున్నా చూపించినా మనిషి మత్తులోనే ఉంటే: కొత్త రకం డ్రగ్స్ తీసుకున్న డ్రైవర్లను గుర్తించే పద్ధతి

బ్రెత్ ఎనలైజర్ మద్యాన్ని ఒక్కదాన్నే పట్టుకుంటుంది. లాలాజలం కిట్ తన పట్టీ మీద ఉన్న ఐదారు రకాలనే చూస్తుంది. ల్యాబ్‌లో వాడే మామూలు ప్యానెల్ కూడా తన జాబితాలో ఉన్నవాటినే వెతుకుతుంది. మూడు చోట్లా నెగెటివ్ వచ్చింది, డ్రైవర్ మాత్రం తిన్నగా నిలబడలేకపోతున్నాడు. ఇలాంటి కేసుల్లో ‘ఏమీ దొరకలేదు’ అని రాసి ఫైలు మూసేయడం చాలా తేలిక. అసలు పని మొదలవ్వాల్సింది అక్కడే. నెగెటివ్ రిపోర్టుకు అర్థం డ్రగ్ లేదని కాదు, మేం వెతికినవి లేవని. కంటికి కనిపించిన మత్తుకూ కాగితం మీది ఫలితానికీ పొంతన కుదరకపోతే, ఆ తేడాయే మన చేతికి దొరికిన మొదటి ఆధారం.

ఇది బండి ఆపే అధికారికి, రక్తం తీసే నర్సుకు, యంత్రం ముందు కూర్చునే ల్యాబ్ అనలిస్టుకు కలిపి రాసిన మార్గదర్శి. ఈ పనిలో ఒకరి నోట్సు లేకుండా ఇంకొకరు అడుగు ముందుకు వేయలేరు. బండి ఎప్పుడు ఆపవచ్చు, రక్తం ఎవరి అనుమతితో తీయాలి, ఎంతసేపు అదుపులో ఉంచుకోవచ్చు అన్నవి ఎక్కడి చట్టం ప్రకారం అక్కడ జరుగుతాయి. వాటి జోలికి పోవడం లేదు.

## దేనికోసం వెతుకుతున్నాం?

కొత్త రకం డ్రగ్స్‌లో ఎక్కువభాగం పాత అణువుకు చిన్న మార్పు చేసి తయారుచేసినవే. ఒకచోట ఫ్లోరిన్ చేరుస్తారు, ఇంకోచోట గొలుసు కాస్త పొడిగిస్తారు. మత్తు ఉంటుంది, చట్టంలో పేరు ఉండదు, కిట్టుకు ఆనదు. అన్నీ నిజంగా కొత్తవేమీ కావు. నైటాజీన్లనే తీసుకోండి. స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ 1950లలోనే వీటిని నొప్పి మందులుగా తయారుచేసి చూసింది. మందుగా ఏనాడూ అమ్మకానికి రాని ఆ కుటుంబం 2019లో ఐసోటోనిటాజీన్ రూపంలో వీధుల్లో తేలింది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల కార్యాలయం నడిపే ముందస్తు హెచ్చరిక వ్యవస్థలో ఇలాంటి పదార్థాలు వెయ్యికి పైగా నమోదయ్యాయి. ఇన్ని పేర్లు గుర్తుపెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. కుటుంబాలు తెలిస్తే చాలు.

మొదటిది సింథటిక్ కన్నాబినాయిడ్లు. 2008 చివర్లో ‘స్పైస్’ పొట్లాల్లో జేడబ్ల్యూహెచ్-018 బయటపడ్డాక తరాలు మారుతూ వచ్చాయి. ఇటీవల కనిపించేవి ఎండీఎంబీ-4ఎన్-పినాకా, ఏడీబీ-బ్యూటినాకా లాంటివి. గంజాయికి బదులుగా అమ్ముతారు గానీ గంజాయితో వీటికి పోలిక తక్కువ. గంజాయిలోని టీహెచ్‌సీ మెదడులోని గ్రాహకాన్ని (రిసెప్టర్‌ను) సగంసగమే కదిలిస్తుంది. ఇవి పూర్తిగా లాగేస్తాయి. అందుకే తీసుకున్న మనిషి ఒక్కోసారి కళ్లు తెరిచి ఉన్నా స్పందించకుండా బిగుసుకుపోతాడు, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి.

రెండోది సింథటిక్ క్యాథినోన్లు: మెఫెడ్రోన్, ఆల్ఫా-పీవీపీ, యూటిలోన్. ఆంఫెటమిన్ వరసకు చెందిన ఉత్తేజకాలు ఇవి. మూడోది డిజైనర్ బెంజోడయజపీన్లు, అంటే నిద్రకు, ఆందోళనకు వాడే మాత్రల వరసలో కొత్తగా చేసినవి: ఫ్లుఆల్ప్రజోలామ్, క్లోనజోలామ్, బ్రోమజోలామ్. వీటిని నకిలీ ఆల్ప్రజోలామ్ మాత్రలుగా అచ్చుపోసి అమ్మడం మామూలైపోయింది. కాబట్టి డ్రైవర్ ‘నిద్రమాత్ర వేసుకున్నాను’ అంటే అది అబద్ధం కాకపోవచ్చు, తాను ఏం మింగాడో అతనికే తెలియకపోవచ్చు. నాలుగోది మార్ఫిన్‌లా పనిచేసే కొత్త ఓపియాయిడ్లు, అంటే ఫెంటనిల్ అనలాగ్‌లు (దాన్ని కాస్త మార్చి చేసినవి), నైటాజీన్లు. ఐదోది 3-మియో-పీసీపీ, మెథాక్సెటమైన్ లాంటి డిసోసియేటివ్‌లు, అంటే ఒంటికీ మనసుకూ లంకె తెగినట్టు చేసేవి. ఎన్‌బోమ్ వంటి భ్రాంతి కలిగించేవి కూడా ఉన్నాయి గానీ ఆ మత్తులో స్టీరింగ్ పట్టుకునేవాళ్లు తక్కువ.

మూడో కుటుంబం, నాలుగో కుటుంబం కలిస్తే ప్రాణాలకే ముప్పు.

## మొదటి అడుగు: ఇది మత్తా, జబ్బా?

ఏ పరీక్షకైనా ముందు ఈ ప్రశ్నకు జవాబు రావాలి. షుగర్ పడిపోయినవాడు, పక్షవాతం మొదలైనవాడు, తలకు దెబ్బ తగిలినవాడు, ఇప్పుడే ఫిట్స్ నుంచి తేరుకుంటున్నవాడు అచ్చం తాగినవాడిలాగే ఉంటారు. మూతి ఒక పక్కకు లాగిందా, రెండు చేతులూ సమానంగా లేస్తున్నాయా, చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయా చూడండి. రెండు కనుపాపల సైజుల్లో స్పష్టమైన తేడా ఉంటే డ్రగ్ కన్నా తలలో గాయాన్ని ముందు అనుమానించాలి. గ్లూకోమీటర్ అందుబాటులో ఉంటే వేలి చుక్క ఒకటి చూసేస్తే పెద్ద అనుమానం తీరిపోతుంది.

కనుపాప సూదిమొనంత అయి, శ్వాస నిమిషానికి పన్నెండు కన్నా పడిపోయి, పెదవులు నీలంగా మారుతుంటే కేసు పక్కన పెట్టండి. అంబులెన్స్ పిలిచి, ఓపియాయిడ్‌కు విరుగుడైన నలోక్సోన్ ఇవ్వాలి. నైటాజీన్ల విషయంలో ఒక్క మోతాదుతో సరిపోకపోవచ్చు, తేరుకున్నవాడు మళ్లీ జారిపోవచ్చు. నలోక్సోన్ ఓపియాయిడ్‌కే పనిచేస్తుంది. దానిలో కలిసి ఉన్న బ్రోమజోలామ్ మీదా, పశువులకు మత్తు ఇవ్వడానికి వాడే జైలజీన్ మీదా దాని ప్రభావం ఉండదు. అందుకే శ్వాస వచ్చినా మనిషి లేవకపోతే సూది మీద సూది వేసుకుంటూ పోవడం కాదు, శ్వాస నిలబెట్టడం ముఖ్యం. ఉత్తేజకం తీసుకుని ఒళ్లు కాలిపోతున్నవాడిని బోర్లా పడేసి అదిమి ఉంచడం అన్నిటికన్నా ప్రమాదకరం.

ఆసుపత్రికి పంపాల్సి వచ్చినా రక్తం శాంపిల్ విషయం మరిచిపోవద్దు. అక్కడ చికిత్స కోసం తీసిన మొదటి ట్యూబు చాలాసార్లు కేసుకు ప్రాణం. చికిత్సలో మిడజోలామ్, కెటమిన్, ఫెంటనిల్ లాంటివి ఇస్తారు. అవి ఎక్కకముందు తీసిన రక్తం ఏదో, ఎక్కాక తీసింది ఏదో టైముతో సహా రాసుకోకపోతే తర్వాత ఎవరూ తేల్చలేరు.

## రెండో అడుగు: కళ్లు, నాడి, నడక

1970లలో లాస్ ఏంజెలెస్ పోలీసులు మొదలుపెట్టి, తర్వాత పలు దేశాలకు పాకిన డ్రగ్ రికగ్నిషన్ పద్ధతిలో 12 దశలున్నాయి, డ్రగ్స్‌ను ఏడు వర్గాలుగా విడదీస్తారు. ఆ శిక్షణ పొందిన అధికారి దగ్గర్లో ఉంటే పిలిపించండి. లేకపోయినా కింద చెప్పిన నాలుగు విషయాలు ఎవరైనా శ్రద్ధగా గమనించి రాయవచ్చు. కొత్త అణువు పేరు ఏదైనా శరీరం మాత్రం పాత పద్ధతిలోనే స్పందిస్తుంది. ఈ పరీక్షల విలువంతా అక్కడే ఉంది.

కళ్లతో మొదలుపెట్టండి. పెన్ను కొనను కంటికి ఎదురుగా పట్టుకుని నెమ్మదిగా పక్కకు జరపండి. తల కదపకుండా చూపుతోనే వెంబడించమని చెప్పాలి. కనుగుడ్డు నున్నగా జారినట్టు వెళ్లకుండా గతుకులు గతుకులుగా అదురుతూ వెళ్తుందా? దీన్ని నిస్టాగ్మస్ అంటారు. బెంజోడయజపీన్ల లాంటి నిద్రమత్తు మందులు, పీల్చే ద్రావకాలు, డిసోసియేటివ్‌లు దీన్ని తెస్తాయి. ఉత్తేజకాలు, ఓపియాయిడ్లు, గంజాయి సాధారణంగా తేవు. కనుపాప కొలత మామూలు వెలుతురులో 2.5 నుంచి 5 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంతకన్నా చిన్నదైతే ఓపియాయిడ్, పెద్దదైతే ఉత్తేజకం లేదా భ్రాంతి మందు. అంచనాగా చూసి చెప్పకండి. కొలత చుక్కలున్న కార్డు కంటి పక్కన పెట్టి పోల్చండి.

నాడిని పరీక్షల మొదట్లో, మధ్యలో, చివర్లో చూడండి. మొదటిసారి ఎక్కువగా ఉంటే టెన్షన్ అనుకోవచ్చు. అరగంట గడిచినా 120 దగ్గరే కొట్టుకుంటుంటే అది టెన్షన్ ఒక్కటే కాకపోవచ్చు.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చే పరీక్ష చాలా చిన్నది. పాదాలు దగ్గరగా పెట్టి, తల వెనక్కి వంచి, కళ్లు మూసుకుని 30 సెకన్లు అయ్యాయనిపించినప్పుడు చెప్పమంటారు. ఉత్తేజకం తీసుకున్నవాడికి ఆ 30 సెకన్లు పావు నిమిషంలోనే అయిపోవచ్చు. బెంజోడయజపీన్ తీసుకున్నవాడు నిమిషం దగ్గరపడినా ఇంకా లెక్కపెడుతూనే ఉండొచ్చు. వాచీ ఒక్కటి చాలు, అంకె దొరుకుతుంది. మడమకు వేలు తగిలేలా తొమ్మిది అడుగులు నడిచి తిరిగి రావడం, 30 సెకన్లు ఒంటికాలి మీద నిలబడటం కూడా చేయించండి గానీ వయసు, బరువు, మోకాలి నొప్పి, చెప్పులు వీటిని తారుమారు చేస్తాయని గుర్తుంచుకోండి.

అసలు చిక్కు మిశ్రమాలతో వస్తుంది. కనుపాప సూదిమొనంత ఉంది, నిస్టాగ్మస్ కూడా గట్టిగా ఉంది అనుకోండి. ఓపియాయిడ్ ఒక్కదానితో రెండోది రాదు, బెంజోడయజపీన్ ఒక్కదానితో మొదటిది రాదు. రెండూ ఉన్నాయని శరీరమే చెబుతోంది. లక్షణాలు ఒక వర్గంలో ఇమడలేదని గాభరాపడి ఒకదాన్ని నోట్సులోంచి తీసేయొద్దు. ఇమడని లక్షణమే ల్యాబ్‌కు ఎక్కువ పనికొస్తుంది.

సింథటిక్ కన్నాబినాయిడ్ల దగ్గర మాత్రం ఈ లెక్కలు తడబడతాయి. ఒకరిలో నాడి పరుగెడుతుంది, మరొకరిలో మందగిస్తుంది. మాట ఆగి ఆగి రావడం, అడిగింది అర్థం కానట్టు చూడటం, నిలబడ్డ చోటే ఊగడం తరచూ కనిపిస్తాయి. గంజాయి వాసన, ఎర్రకళ్లు లేవు కాబట్టి గంజాయి వర్గం కాదనేయకండి.

## మూడో అడుగు: చూసింది రాయడం

చాలా కేసులు ఇక్కడే నీరుగారిపోతాయి. ‘డ్రైవర్ మత్తులో ఉన్నట్టు కనిపించాడు’ అన్న వాక్యం ఎవరికీ పనికిరాదు. దాని బదులు ఇలా రాయొచ్చు:

‘రాత్రి 10:40. లైసెన్స్ అడిగితే పర్సు తీసి, ఏం అడిగానో మళ్లీ అడిగాడు, రెండుసార్లు. మద్యం వాసన లేదు, బ్రెత్ రీడింగ్ సున్నా. కనుపాపలు రెండూ 4 మి.మీ. రెండు కళ్లలోనూ నిస్టాగ్మస్. నాడి 64. కళ్లు మూసుకుని 30 సెకన్ల అంచనా: 52 సెకన్లు. పక్క సీట్లో పేరులేని తెల్లని పొడుగు మాత్రలు మూడు, స్వాధీనం.’

ఈ నాలుగు ముక్కలు చదివిన అనలిస్టుకు ఎటు వెళ్లాలో తెలిసిపోతుంది: బెంజోడయజపీన్ కుటుంబం, బహుశా ప్యానెల్‌లో లేనిది. బండిలో దొరికిన మాత్రలు, వేప్ గొట్టాలు, పొట్లాలు వదలకండి. రక్తంలో నానోగ్రాముల్లో వెతకాల్సిన పదార్థం మాత్రలో మిల్లీగ్రాముల్లో ఉంటుంది. అదేమిటో ముందు తెలిస్తే రక్తంలో దాన్ని పట్టుకోవడం సగం తేలికవుతుంది. దొరికిన పొడులను చేతి గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, రోడ్డు పక్కన విప్పి చూడొద్దు.

## నాలుగో అడుగు: లాలాజలం కిట్‌ను ఎంతవరకు నమ్మాలి?

రోడ్డు మీద వాడే కిట్లు యాంటీబాడీల మీద పనిచేస్తాయి. ఆంఫెటమిన్, మెథాంఫెటమిన్, కొకైన్, ఓపియేట్లు, బెంజోడయజపీన్లు, టీహెచ్‌సీ, ఇదీ మామూలు వరస. యాంటీబాడీ అణువు ఆకారాన్ని గుర్తుపడుతుంది. ఆకారం మారితే గుర్తుపట్టదు. ఓపియేట్ పట్టీ మార్ఫిన్ కోసం చేసింది, ఫెంటనిల్ దానికి ఆనదు. ఫెంటనిల్ పట్టీ ఉన్నా నైటాజీన్ ఆనదు, ఎందుకంటే రెండిటి నిర్మాణాలకూ సంబంధమే లేదు. టీహెచ్‌సీ పట్టీకి సింథటిక్ కన్నాబినాయిడ్లూ అంతే. బెంజోడయజపీన్లు లాలాజలంలోకి చాలా తక్కువగా వస్తాయి కాబట్టి అక్కడ నెగెటివ్‌కు ఇంకా తక్కువ విలువ.

కాబట్టి నియమం చిన్నది. పాజిటివ్ వస్తే అది ప్రాథమిక సూచన, నిర్ధారణ ల్యాబ్‌లో జరగాలి. నెగెటివ్ వచ్చి లక్షణాలు ఉంటే రక్తం తీయించాలి. కిట్ నెగెటివ్ అని మనిషికి తాళాలు తిరిగి ఇచ్చి పంపడం కన్నా పెద్ద పొరపాటు ఈ మొత్తం ప్రక్రియలో లేదు.

ల్యాబ్ కోసం లాలాజలం తీస్తుంటే పది నిమిషాల ముందు నుంచి ఏమీ తిననివ్వకండి, తాగనివ్వకండి. కొన్ని కలెక్టర్లలో ఒక మిల్లీలీటరు లాలాజలం మూడు మిల్లీలీటర్ల ద్రావణంలో పడుతుంది, అంటే నాలుగింతలు పలచబడుతుంది. సూచిక రంగు మారకముందే తీసేస్తే ఆ లెక్క కూడా తప్పుతుంది. నోరు ఎండిపోయిందని ఉత్తేజకాలు తీసుకున్నవాళ్ల దగ్గర ఇది తరచూ జరుగుతుంది.

## ఐదో అడుగు: రక్తం

బండి ఆపిన రెండు గంటల్లోపు తీయించడానికి ప్రయత్నించండి. ఎంత ముందైతే అంత మంచిది. సోడియం ఫ్లోరైడ్, పొటాషియం ఆక్సలేట్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబులే వాడాలి. 10 మిల్లీలీటర్ల ట్యూబులో మామూలుగా 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, 20 మిల్లీగ్రాముల ఆక్సలేట్ ఉంటాయి. రెండు ట్యూబులు నిండా తీయించండి. కొత్త డ్రగ్ వెతుకులాటలో ఒకటికి రెండు పద్ధతులు నడపాలి, సగం ట్యూబు రక్తం చాలదు. చర్మం తుడవడానికి ఆల్కహాల్ లేని స్వాబ్ వాడాలి. తీసిన వెంటనే ట్యూబును ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేయాలి, కుదపకూడదు. డ్రా చేసిన టైము నిమిషాలతో సహా లేబుల్ మీద ఉండాలి.

తర్వాత చల్లదనం. ఇది నిర్లక్ష్యం చేసే విషయం కాదు. క్యాథినోన్లు గది వేడికి రక్తంలో విరిగిపోతుంటాయి. వేడి ఎక్కువైతే, పీహెచ్ క్షారం వైపు జరిగితే ఇంకా త్వరగా. ఎస్టర్ బంధం ఉన్న సింథటిక్ కన్నాబినాయిడ్లను రక్తంలోని ఎంజైములు కోసేస్తాయి, ఫ్లోరైడ్ వాటిని కొంతవరకే ఆపుతుంది. ట్యూబు వారాంతం అంతా జీపులో ఉండిపోయి సోమవారం ల్యాబ్‌కు చేరితే, శుక్రవారం ఉన్న డ్రగ్ అప్పటికి బాగా తగ్గిపోయి ఉండొచ్చు. నాలుగు డిగ్రీల ఫ్రిజ్, ఎక్కువ రోజులైతే ఫ్రీజర్.

మూత్రం తీసినా ఫర్వాలేదు గానీ దాన్ని రక్తానికి బదులు అనుకోకూడదు. ఎప్పుడో తీసుకున్నదాన్ని మూత్రం చూపిస్తుంది, డ్రైవింగ్ చేస్తున్నప్పటి స్థితిని చూపించదు. పైగా సింథటిక్ కన్నాబినాయిడ్ల అసలు అణువు మూత్రంలో దాదాపు దొరకదు, దాని మెటబొలైట్లను, అంటే శరీరం దాన్ని మార్చగా వచ్చిన పదార్థాలను వెతకాలి.

శాంపిల్‌తో వెళ్లే ఫారంలో ‘డ్రగ్స్ పరీక్ష’ అని ఒక్క మాట రాసి పంపొద్దు. లక్షణాల నోట్సు కాపీ, కిట్ ఫలితం, దొరికిన వస్తువులు, ఆసుపత్రిలో ఇచ్చిన మందులు, డ్రైవర్ చెప్పినవి, అన్నీ జతచేయండి. ఇంకో విషయం. చాలా ల్యాబ్‌లు రక్తంలో మద్యం చట్ట పరిమితి దాటితే డ్రగ్స్ పరీక్ష ఆపేస్తాయి, ఖర్చు మిగులుతుందని. కేసుకు అది చాలేమో గానీ వీధిలోకి కొత్తగా ఏం దిగిందో ఎప్పటికీ తెలియకుండా పోతుంది. మద్యం రీడింగ్ తక్కువగా ఉండి మత్తు దానికి మించి ఉంటే మాత్రం పరీక్ష ఆపొద్దని ఫారంలోనే రాయండి.

## ఆరో అడుగు: ల్యాబ్‌లో వెతుకులాట

ఏం వెతకాలన్న జాబితాతో మొదలుపెట్టాలి. అమెరికాలో నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ 2007 నుంచి డ్రైవింగ్ కేసుల కోసం సిఫారసులు ఇస్తూ, కొన్నేళ్లకోసారి సవరిస్తూ వస్తోంది. ప్రతి కేసులో చూడాల్సినవి ఒక అంచె, ప్రాంతాన్నిబట్టి, అనుమానాన్నిబట్టి చూడాల్సినవి రెండో అంచె. కొత్త డ్రగ్స్ ఎక్కువగా రెండో అంచెలో పడతాయి. ఏ ల్యాబ్ అయినా ఈ నమూనాను తన ప్రాంతానికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

ఇమ్యునోఎస్సే స్క్రీనింగ్, అంటే యాంటీబాడీలతో చేసే తొలి పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది, ముఖ్యంగా ఒక కోణంలో. బెంజోడయజపీన్ స్క్రీన్ పాజిటివ్ వచ్చి, తర్వాత నిర్ధారణ ప్యానెల్‌లోని బెంజోడయజపీన్లు ఒక్కటీ దొరకలేదనుకోండి. చాలాచోట్ల దీన్ని ‘ఫాల్స్ పాజిటివ్’ అని కొట్టేస్తారు. డిజైనర్ బెంజోడయజపీన్లలో చాలావరకు ఆ యాంటీబాడీకి ఆనుతాయి, ప్యానెల్‌లో మాత్రం ఉండవు. నిర్ధారణ కాని పాజిటివ్‌లన్నీ ఒక పక్కన పెట్టి నెలకోసారి చూడండి, కొత్త సరుకు మొదట కనబడేది ఆ కుప్పలోనే.

అణువులను వేరుచేసి వాటి ద్రవ్యరాశిని చూసే ట్రిపుల్ క్వాడ్ ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ చాలా సున్నితమైన యంత్రమే గానీ మీరు చెప్పిన అణువులనే చూస్తుంది. నైటాజీన్లు, సింథటిక్ కన్నాబినాయిడ్లు రక్తంలో మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము కన్నా తక్కువే ఉండటం మామూలు కాబట్టి మెథడ్ 0.1 నానోగ్రాము దాకా దిగాలి. క్యాథినోన్లకు అంత అక్కర్లేదు, అవి పదుల్లో, వందల్లో ఉంటాయి.

పేరు తెలియనిదాన్ని పట్టుకోవాలంటే ద్రవ్యరాశిని మరింత కచ్చితంగా కొలిచే హై రిజల్యూషన్ యంత్రం కావాలి, క్యూటాఫ్ గానీ ఆర్బిట్రాప్ గానీ. డేటాను అన్ని అయాన్లకూ ఫ్రాగ్మెంట్లు (అవి విరిగితే వచ్చే ముక్కలు) నమోదయ్యే పద్ధతిలో తీసుకోండి. అప్పుడు ఇవాళ వెతకనిదాన్ని రేపు అదే ఫైలులో వెతకవచ్చు.

పైన రాసిన నోట్సులోని డ్రైవర్ రక్తమే యంత్రంలో ఉందనుకుందాం. బెంజోడయజపీన్ స్క్రీన్ పాజిటివ్, ప్యానెల్ నెగెటివ్. యంత్రం గీసే గ్రాఫులో, అంటే క్రొమటోగ్రామ్‌లో ఆల్ప్రజోలామ్ వచ్చే టైముకు కాస్త తర్వాత పేరులేని పీక్ ఉంది. దాని స్పెక్ట్రమ్ తెరిస్తే ద్రవ్యరాశి 353.0396 దగ్గర ఒక గీత, రెండు యూనిట్లు పైన 355.0376 దగ్గర ఇంచుమించు అంతే ఎత్తున ఇంకో గీత. ఇలా జంటగా, సమానంగా నిలబడేది బ్రోమిన్ ఒక్కటే. క్లోరిన్ అయితే రెండోది మూడోవంతే ఉంటుంది. ఆల్ప్రజోలామ్‌లో క్లోరిన్ తీసి బ్రోమిన్ పెడితే సీ17 హెచ్13 బీఆర్ ఎన్4, ప్రోటాన్ కలిస్తే లెక్క ప్రకారం సరిగ్గా 353.0396. అంటే బ్రోమజోలామ్ అని అనుమానం. ఇంకా అనుమానమే. రిఫరెన్స్ స్టాండర్డ్ (ఆ పదార్థపు స్వచ్ఛమైన నమూనా) తెప్పించి, పదార్థాలను విడదీసే గొట్టమైన అదే కాలమ్ మీద, అదే టైముకు, అవే ఫ్రాగ్మెంట్లతో వస్తేనే నిర్ధారణ.

కుటుంబాన్ని పట్టించే ఫ్రాగ్మెంట్లు కొన్ని నోటికి వచ్చి ఉంటే పని వేగంగా సాగుతుంది. ఇండజోల్ రకం సింథటిక్ కన్నాబినాయిడ్లు 145.0396 ఇస్తాయి. నైటాజీన్లలో చాలావాటికి 100.112, 72.081 జంటగా వస్తాయి. ఫెంటనిల్, దాని దగ్గరి అనలాగ్‌లలో చాలావాటికి 188.143, 105.070. హై రిజల్యూషన్ యంత్రం లేని ల్యాబ్‌లు ట్రిపుల్ క్వాడ్‌లోనే ప్రికర్సర్ స్కాన్ పెట్టి ‘145 ఇచ్చేవి ఎవరెవరు?’ అని అడగవచ్చు. సున్నితత్వం తగ్గుతుంది గానీ చేతులు ముడుచుకుని కూర్చోవడం కన్నా నయం. పోల్చుకోవడానికి హైరెస్ఎన్‌పీఎస్, స్విగ్‌డ్రగ్ లాంటి ఉచిత లైబ్రరీలు ఉన్నాయి, ఎప్పటికప్పుడు దిగుమతి చేసుకుంటూ ఉండండి.

## ఏడో అడుగు: తప్పుడు పేరు పెట్టకుండా ఉండటం

ఐసోటోనిటాజీన్, ప్రోటోనిటాజీన్ రెండిటి ఫార్ములా ఒకటే, ద్రవ్యరాశి ఒకటే, ఫ్రాగ్మెంట్లు దాదాపు అవే. తేడా ఒక ప్రొపైల్ గొలుసు తిన్నగా ఉందా, చీలి ఉందా అన్నదే. ఎంత ఖరీదైన మాస్ యంత్రమైనా ఇక్కడ చేతులెత్తేస్తుంది, కాలమ్ మీద వేరు చేయాల్సిందే. గ్రేడియంట్ నిదానంగా నడపండి, రెండు స్టాండర్డ్‌లనూ కలిపి ఎక్కించి అవి విడిపోతున్నాయని ముందు రుజువు చేసుకోండి. విడదీయలేకపోతే రిపోర్టులో ‘ఐసోటోనిటాజీన్ లేదా దాని ఐసోమర్’ అని నిజాయితీగా రాయాలి. కొన్ని ఐసోమర్లు చట్టం జాబితాలో ఉండి కొన్ని ఉండకపోవచ్చు. ఈ ఒక్క పదం మీద కేసు నిలబడవచ్చు, పడిపోవచ్చు.

మెటబొలైట్ల ఉచ్చు ఇంకా లోతైనది. డైక్లజపామ్ శరీరంలో డెలోరజపామ్, లోరజపామ్, లార్మెటజపామ్‌గా మారుతుంది. ప్యానెల్‌లో లోరజపామ్ ఒక్కటే ఉంటే ‘డాక్టరు రాసిన లోరజపామ్ వాడుతున్నాడు’ అని తేల్చేస్తాం. అందుకే లోరజపామ్ దొరికి చీటీ లేకపోతే పక్కన ఆ మిగతా రెండూ ఉన్నాయేమో చూడాలి. క్లోనజోలామ్ అసలు అణువు రక్తంలో త్వరగా తగ్గిపోతుంది, 8-అమినోక్లోనజోలామ్‌ను వెతకండి. ఇక ఎటిజోలామ్ ఒక దేశంలో డిజైనర్ డ్రగ్, జపాన్, ఇటలీ, ఇండియా లాంటి చోట్ల డాక్టరు రాసే మందు. దొరికిందంటే దుర్వినియోగమేనని అనుకోవడానికి లేదు.

## ఎనిమిదో అడుగు: అంకెను చదవడం, రిపోర్టు రాయడం

మద్యానికి ఉన్నట్టు ‘ఇంతకు మించితే ఇంత మత్తు’ అన్న పట్టిక ఈ డ్రగ్స్‌కు లేదు. ఎప్పటికీ రాకపోవచ్చు కూడా. ఒక పదార్థం మీద తగినన్ని కేసులు పోగయ్యేలోపే అది బజారు నుంచి మాయమై ఇంకోటి దిగుతుంది. అలవాటు పడ్డవాడి రక్తంలో మామూలుగా ఉండే మోతాదు మొదటిసారి తీసుకున్నవాడిని చంపేయగలదు. కాబట్టి రిపోర్టులో అంకె ఒక్కదాని మీద ‘మత్తులో ఉన్నాడు’ అని రాయకూడదు. ఈ పదార్థం ఈ కుటుంబానికి చెందింది, ఈ కుటుంబం ఇలాంటి లక్షణాలు తెస్తుంది, అధికారి రాసిన లక్షణాలు దానికి సరిపోతున్నాయి లేదా సరిపోవడం లేదు, అంతవరకే. సరిపోకపోతే ఆ మాట కూడా రాయాలి. కనుపాపలు పెద్దవై, నాడి 130 ఉన్న డ్రైవర్ రక్తంలో ఒక్క బ్రోమజోలామే దొరికిందంటే వెతుకులాట ఇంకా పూర్తికాలేదని అర్థం.

రిపోర్టులో ఏం దొరికిందో రాసినంత శ్రద్ధగా ఏం వెతికామో, ఎంత మోతాదు దాకా వెతికామో రాయండి. ‘డ్రగ్స్ నెగెటివ్’ అని కాదు, ‘జతచేసిన జాబితాలోని పదార్థాలు, పక్కన చూపిన పరిమితులకు లోబడి, గుర్తించబడలేదు’ అని. కోర్టులో ఎదుటి లాయర్ మొదటి ప్రశ్న ఇదే అడుగుతాడు, అడగాలి కూడా. స్టాండర్డ్ లేక పోల్చి చూడలేనిదాన్ని ‘అనుమానిత గుర్తింపు’ అని విడిగా చూపండి, నిర్ధారించినవాటి వరసలో కలపకండి.

## ఆ తర్వాత ఫైలును ఏం చేయాలి?

లక్షణాలు గట్టిగా ఉండి ఏమీ దొరకని కేసుల డేటా ఫైళ్లకు ఒక ఫోల్డర్ పెట్టండి, మిగిలిన రక్తాన్ని చట్టం అనుమతించినంత కాలం ఫ్రీజర్‌లో ఉంచండి. ముందస్తు హెచ్చరిక వ్యవస్థల నుంచి కొత్త పేరు వచ్చిన ప్రతిసారీ దాని ఫార్ములాతో ఆ ఫోల్డర్‌లో వెతకాలి. యంత్రం ఖాళీగా ఉండాల్సిన పని లేదు, కొత్త శాంపిల్ అక్కర్లేదు, ఒక అనలిస్టు ఒక పూట కూర్చుంటే చాలు. ఏదైనా తగిలితే స్టాండర్డ్ తెప్పించి, నిల్వ ఉన్న రక్తం మీద మళ్లీ నడిపి, పాత రిపోర్టు నంబరుకు అనుబంధ రిపోర్టు ఇవ్వండి. అందులో మొదటిసారి ఈ పదార్థం వెతకలేదని, శాంపిల్ ఇన్ని నెలలు ఇంత చల్లదనంలో ఉందని, కాబట్టి ఇప్పుడు వచ్చిన మోతాదు అసలుకన్నా తక్కువ కావచ్చని రాయాలి. దాని ఒక కాపీ, రోడ్డు మీద ఆ రాత్రి నోట్సు రాసిన అధికారికి కూడా పంపండి. ఇమడని లక్షణాలను ఎందుకు రాయమంటున్నారో చాలామంది అధికారులకు అర్థమయ్యేది ఆ కాపీ చూశాకే.